జట్టు కూర్పునందు ఆడువాని కర్తృత్వము: స్వతంత్ర వీడియో ఆటలపై ఒక పరిశీలనము

ప్రతి ఆటయందును రెండు విధములైన కర్తృత్వములు కలవు. నియమములను ఏర్పరచినవాని కర్తృత్వము ఒకటి. ఆ నియమములకు లోబడి ఆడువాని కర్తృత్వము రెండవది. మొదటిది లేనిదే ఆట లేదు. రెండవది లేనిచో ఆట ఉన్నను ఆనందము లేదు. నేటి కాలమున సెల్‌ఫోనులమీదను, కంప్యూటరులమీదను ఆడుచున్న క్రీడాసంబంధమైన వీడియో ఆటలు ఈ రెండవ కర్తృత్వమునకు ఎంత చోటు నిచ్చుచున్నవి? ముఖ్యముగా, పెద్ద సంస్థల అండ లేక చిన్న నిర్మాతలు స్వతంత్రముగా తయారుచేసిన ఆటలయందు జట్టు పేరును, క్రీడాకారుల పేర్లను, దుస్తుల రంగులను, శక్తిసామర్థ్యములను ఆడువాడు తనకు నచ్చినట్లు మార్చుకొనుటకు వీలు కల్పించుటలో గుణమేమి, దోషమేమి? ఈ ప్రశ్నలను విమర్శదృష్టితో పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

సాహిత్యమును, చరిత్రను గూర్చిన వ్యాసముల నడుమ వీడియో ఆటల ప్రసక్తి ఏల అని కొందరు పెద్దలు సందేహింపవచ్చును. దానికి నా సమాధానమిది. ధర్మపురి జిల్లా బి. మల్లాపురమువంటి చోట్ల తెలుగు ఇంటిభాషగా గల బాలురు బడిలో వ్రాయు వ్రాత యంతయు ఉపాధ్యాయుడు అడిగినందున వ్రాయునదే. ఎవరును అడుగకయే, మార్కుల ఆశ లేకయే, బాలుడు తన యిచ్చచే వ్రాయు వ్రాతలు కొద్ది. వానిలో ఫోనులోని ఆటయందు తన జట్టునకు పెట్టుకొను పేరు ఒకటి. ఆ పేరు ఏ భాషలో పుట్టుచున్నది, ఏ లిపిలో వ్రాయబడుచున్నది అను విషయము భాషోపాధ్యాయునకు అప్రస్తుతము కానేరదు.

1. పరిభాష

ఈ వ్యాసమున ఫోనును చేతబట్టి ఆట నడుపు మనిషిని 'ఆడువాడు' అనియు, తెరమీద కనుపించు బొమ్మను 'క్రీడాకారుడు' అనియు వ్యవహరించెదను. జట్టును మార్చుకొనుటలో మూడు మెట్లు కలవు. పేరును, రంగును మార్చుట మొదటి మెట్టు. ఎవరు బంతి వేయవలెను, ఎవరు ముందు బ్యాటు పట్టవలెను, ఎవని బలమెంత అను పాత్రలను, కొలతలను నిర్ణయించుట రెండవ మెట్టు. తాను కూర్చిన జట్టును ఇతరులకు పంచిపెట్టుట మూడవ మెట్టు. మొదటి మెట్టుపై ఆడువాడు అలంకర్త. రెండవ మెట్టుపై నాయకుడు. మూడవ మెట్టుపై కర్త.

2. మన ఆటలయందలి పూర్వరూపము

ఈ స్వాతంత్ర్యము యంత్రములతో వచ్చిన కొత్త వింత యని తలంచుట పొరపాటు. మన పల్లెలలో చెడుగుడు మొదలగు ఆటలకు జట్లను విడదీయు పద్ధతిని తలచుకొనుడు. సమానబలము గల ఇద్దరిద్దరు పిల్లలు 'ఉద్ది'గా ఏర్పడుదురు. ఇద్దరును దూరముగా పోయి, తమకు రహస్యముగా రెండు పేర్లు పెట్టుకొందురు. ఒకడు సూర్యుడు, ఒకడు చంద్రుడు. ఒకడు మామిడి, ఒకడు చింత. పిదప నాయకుల యొద్దకు వచ్చి, 'నీకు ఏది కావలె'నని అడుగుదురు. పేరును బట్టి నాయకుడు ఎన్నుకొనును. ఆ పేరు ఎవరిదో అతనికి ముందుగా తెలియదు. తమిళులు దీనినే 'ఉత్తి పిరిత్తల్' అందురు. ఉభయభాషలవారు కలసి మెలసి బ్రదుకు మా ప్రాంతమున ఈ మాట యొక్క పోలికను వినని పిల్లవాడు లేడు.

ఈ పద్ధతియందు రెండు ధర్మములున్నవి. జంటలోని ఇద్దరును సమబలులు కావున, నాయకుడు ఏ పేరు కోరినను జట్ల తూకము చెడదు. అది నియమము. ఆ నియమము చెడకుండ, పేరు పెట్టు వంతు పిల్లలది. అది స్వాతంత్ర్యము. పేరు ఊహకు సంబంధించినది; తూకము న్యాయమునకు సంబంధించినది. ఈ రెంటిని వేరువేరుగా నిలిపిన మన పూర్వుల నేర్పు, నేటి వీడియో ఆటల నిర్మాతలకు ఉత్తమమైన కొలమానము కాగలదు.

పండితులకు మరింత పరిచితమైన ఉదాహరణము అవధానము. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి అను జంటకవుల నాటినుండి తెలుగునాట విస్తారముగా వ్యాపించిన ఈ విద్యయందు పృచ్ఛకుడు కేవలము శ్రోత కాడు. దత్తపదియందు పదములను అతడే యిచ్చును. నిషిద్ధాక్షరియందు ఏ అక్షరము వాడరాదో అతడే చెప్పును. అయినను పద్యము అవధానిదే. ఛందస్సు ఎవరును మార్చలేరు. ఛందస్సు నిర్మాత ఏర్పరచిన నియమము. దత్తపదములు ఆడువాని చేర్పు. రెండును కలసినపుడే సభ రక్తి కట్టును. అవధానిని మెచ్చు జాతి ఈ ఆటల స్వాతంత్ర్యమును అర్థము చేసికొనుటకు కష్టపడవలసిన పని లేదు.

3. స్వతంత్ర నిర్మాతల చరిత్ర

ఇంగ్లండులో జాన్ హేర్, క్రిస్ యేట్స్ అనువారు స్థాపించిన 'సెన్సిబుల్ సాఫ్ట్‌వేర్' అను చిన్న సంస్థ 1992లో 'సెన్సిబుల్ సాకర్' అను ఫుట్‌బాలు ఆటను వెలువరించెను. బొమ్మలు చీమలంత చిన్నవి. అయినను జట్ల పేర్లను, దుస్తులను ఆడువాడు మార్చుకొన వీలుండెను. దాని తరువాత 1994లో వచ్చిన 'సెన్సిబుల్ వరల్డ్ ఆఫ్ సాకర్' అను ఆటలో సుమారు 1,500 జట్లు, 27,000 మంది క్రీడాకారులు ఉండిరి. నాటి క్రీడాకారులు ఎప్పుడో విశ్రాంతి గైకొనిరి. అభిమానులు మాత్రము కొత్త క్రీడాకారుల పేర్లను చేర్చుచు ఆ ఆటను దశాబ్దముల తరబడి బ్రదికించుకొనుచు వచ్చిరి. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన హెన్రీ లోవుడ్ మున్నగువారు భద్రపరుపదగిన 10 వీడియో ఆటల పట్టికను ప్రకటించినపుడు ఇది అందులో చేరినది. మార్చుటకు వీలిచ్చిన ఆట కాలమునకు నిలిచినదను సత్యమునకు ఇంతకంటె సాక్ష్యమేల?

జపానులోని కొనామి వంటి పెద్ద సంస్థ విషయము వేరు. దాని 'ప్రో ఎవల్యూషన్ సాకర్' అను ఆటకు ఇంగ్లండులోని అనేక జట్ల పేర్లు వాడుటకు లైసెన్సు లేకుండెను. అందుచే మాంచెస్టర్ యునైటెడ్ జట్టు 'మ్యాన్ రెడ్'గను, లివర్‌పూలు జట్టు 'మెర్సీసైడ్ రెడ్'గను మారుపేర్లతో వెలువడెను. అయితే ఆటలోనే మార్పులు చేయు విభాగ మొకటి యుండుటచే, అభిమానులు నిజమైన పేర్లను, చిహ్నములను తామే చేర్చి, ఒకరికొకరు పంచుకొనిరి. ఇక్కడ స్వాతంత్ర్యము ఔదార్యమువలన పుట్టినది కాదు, లోటువలన పుట్టినది. నిర్మాత చేయవలసిన పనిని వేలాది అభిమానులు కూలి లేకయే చేసిరి. విమర్శకుడు ఈ భేదమును గుర్తింపవలెను. ఖాళీని చూపి 'నీ యిష్టము' అనుట వేరు. చోటును కల్పించి 'నీ యిష్టము' అనుట వేరు.

క్రికెట్టు విషయమున ఆస్ట్రేలియా దేశమున మెల్బోర్ను నగరమందలి 'బిగ్ యాంట్ స్టూడియోస్' 2014లో వెలువరించిన 'డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14' మూడవ మెట్టునకు చక్కని ఉదాహరణము. నాడది స్వతంత్ర సంస్థ. 2021లో ఫ్రాన్సు దేశపు నాకన్ సంస్థలో కలసినది. ఆ ఆటయందు 'క్రికెట్ అకాడమీ' అను విభాగము కలదు. ముఖము, ఎత్తు, బ్యాటు పట్టు తీరు, బంతి వేయు విధము మొదలగు వానినన్నిటిని ఏర్పరచి ఒక క్రీడాకారుని పుట్టించి, జట్టుగా కూర్చి, ఇతరులకు పంపవచ్చును. ఒకరు కూర్చిన జట్టును వేరొక దేశమునందలి వేరొకరు దించుకొని ఆడవచ్చును. ఇచ్చట లైసెన్సుల లోటు ఉన్నమాట నిజమే. కాని నిర్మాత ఆ లోటును మారుపేర్లతో కప్పిపుచ్చక, కూర్పు పనిముట్లనే ఆటకు ముఖద్వారముగా నిలిపెను. లోటును కళగా మార్చుట యనగా ఇదియే.

ఇంగ్లండునకు చెందిన సైమన్ రీడ్ యొక్క 'న్యూ స్టార్ గేమ్స్' 2020లో వెలువరించిన 'రెట్రో బౌల్' అమెరికా ఫుట్‌బాలునకు సంబంధించినది. పాతకాలపు చుక్కల బొమ్మలతో నడచు ఈ చిన్న ఆటలో జట్టును, క్రీడాకారుల పేర్లను మార్చుకొన వీలు కలదు. ఐనను జీతముల మొత్తమునకు ఒక హద్దు ఉండుటచే ఎవడును మేటి క్రీడాకారులనందరను ఒకే జట్టులో చేర్చజాలడు. పేరునకు హద్దు లేదు, బలమునకు హద్దు కలదు: ఇది మన ఉద్దుల న్యాయమే. ఆ ఆట ఆదరణ పొందిన పిదప 2024లో అమెరికా జాతీయ ఫుట్‌బాలు లీగు అనుమతితో ఒక రూపాంతరము కూడ వెలువడినది.

మనకు మిక్కిలి సమీపమైన ఉదాహరణము చెన్నపట్టణమునదే. అచ్చటి నెక్స్ట్ వేవ్ మల్టీమీడియా అను సంస్థ 'వరల్డ్ క్రికెట్ ఛాంపియన్‌షిప్' అను ఆటల వరుసను తయారుచేసినది. రెండవ భాగము 2015లోను, మూడవది 2020లోను వెలువడినవి. ఈ నడుమ ఆ సంస్థ నజారా టెక్నాలజీస్ అను పెద్ద సంస్థ వశమైనది. పల్లెటూళ్లలోని తక్కువ వెల ఫోనులయందును నడచునట్లు చేయుటచే ఆ ఆట బడిపిల్లలకు సులభముగా అందినది. రెండవ భాగమున జట్టునందలి పదునొకండుగురి పేర్లను, పాత్రలను ఆడువాడు మార్చుకొనవచ్చును. మూడవ భాగమున తెలుగు, తమిళ, కన్నడాది భాషలలో వ్యాఖ్యానము చేర్చబడినది. తమిళనాట పుట్టిన ఆట తెలుగు మాటలు పలుకుట మనకు సంతోషకరము. కాని వినిపించు భాష నిర్మాత యిచ్చునది. వ్రాసికొను పేరు ఆడువాడు తెచ్చునది. మొదటిది ఆదరము, రెండవది హక్కు.

4. మా పిల్లలది ఏ జట్టు?

పై చరిత్ర యంతయు విన్న పిదప, జట్టు పేరు మార్చుకొనుట వినోదమాత్రమే కదా యనిపింపవచ్చును. తమిళనాటి తెలుగు బాలుని స్థానమున నిలిచి చూచినచో సంగతి వేరుగ దోచును. 2011 జనాభా లెక్కల ప్రకారము తమిళనాట తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 42 లక్షలు. ఐ.పి.ఎల్. పోటీలలో చెన్నై జట్టున్నది, హైదరాబాదు జట్టున్నది. కబడ్డీ లీగులో తెలుగు టైటన్స్ ఉన్నది, తమిళ్ తలైవాస్ ఉన్నది. తమిళనాడు ప్రీమియర్ లీగులో సేలము పేర జట్టున్నది. ధర్మపురి పేర లేదు. 1965లో సేలము జిల్లానుండి విడివడినది ధర్మపురి; 2004లో ధర్మపురినుండి విడివడినది కృష్ణగిరి. పరిపాలనకై గీసిన గీతలు మారుచునే యున్నవి. లీగుల పేర్లు వ్యాపారమును బట్టి ఏర్పడుచున్నవి. ఇంటిలో తెలుగును, వీధిలో తమిళమును మాటలాడు బాలునకు ఈ జట్లన్నియు కొంతవరకు తనవే. ఏ ఒక్కటియు పూర్తిగా తనది కాదు.

నిజమైన క్రీడాచరిత్ర సైతము ఈ గీతలను పాటింపలేదు. 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు మొదటి టెస్టునకు నాయకుడైన సి.కె. నాయుడుగారు నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున జన్మించి, హోల్కర్ జట్టునకు కీర్తి దెచ్చిరి. గుంటూరునకు చెందిన అంబటి రాయుడు 2018 మొదలు 2023 వరకు చెన్నై జట్టునకు ఆడెను. మా పొరుగున నున్న సేలము జిల్లా చిన్నప్పంపట్టి గ్రామమునుండి వచ్చిన టి. నటరాజన్ హైదరాబాదు జట్టు తరపున బంతి వేసి, 2020 డిసెంబరున ఆస్ట్రేలియాలో భారత జట్టున ప్రవేశించెను. తెలుగువాడు చెన్నైకి, తమిళుడు హైదరాబాదునకు ఆడుట ఎవరికిని వింతగా లేదు. వీరి ముగ్గురిని ఒకే జట్టున నిలుపగలది మాత్రము ఆడువాని కూర్పొక్కటియే.

నా తరగతి పిల్లలకు ఒకసారి ఇదే విషయము అభ్యాసముగా ఇచ్చితిని. ఫోను లేకుండ, కాగితముమీద, పదునొకండుగురితో ఒక జట్టును కూర్చి, ప్రతివాని పేరును, పాత్రను, చేర్చుకొనుటకు కారణమును తెలుగున వ్రాయవలెనని చెప్పితిని. ఊరి పేరుతో జట్టు కట్టినవారే ఎక్కువ. కొందరు నటరాజన్‌ను, నాయుడుగారిని ఒకే వరుసలో చేర్చిరి. కారణము వ్రాయవలసి వచ్చుటచే, పాఠమునకు జవాబు వ్రాయుటకు వెనుదీయువారు కూడ నాలుగైదు వాక్యములు వ్రాసిరి. అంతవరకు ఫోనులో ఆ పేర్లను ఆంగ్లాక్షరములతోనే వ్రాసెడివారు. తెలుగున వ్రాయుటకు ప్రయత్నింపనైన లేదు. భాషయందు ప్రేమ లేక కాదు. ఆ పెట్టె తెలుగునకు చెందినది కాదను భావము వారి మనస్సులలో నాటుకొనియుండెను. ఈ భావమే నేటి చర్చకు మూలము.

5. పేరు ఎవరిది?

ఇక న్యాయశాస్త్రమునకు సంబంధించిన చిక్కు. ప్రసిద్ధ క్రీడాకారుని పేరును ఆటలో వాడుకొను హక్కు ఎవరిది? అమెరికాలో కళాశాల క్రీడల వీడియో ఆటలయందు విద్యార్థుల పేర్లు లేకుండ, సంఖ్యలు, పోలికలు మాత్రము చూపెడివారు. ఫుట్‌బాలు ఆటలయందు అభిమానులు పేర్లను చేర్చి పంచుకొనెడివారు. ఎడ్ ఓబానన్ అను పూర్వ బాస్కెట్‌బాలు క్రీడాకారుడు 2009లో దావా వేసెను. 2014లో తీర్పు అతని పక్షమున వచ్చెను. 2013తో నిలిచిపోయిన ఆ కళాశాలల ఫుట్‌బాలు ఆట తిరిగి 2024లో వెలువడినపుడు, అందులో చేరిన ప్రతి విద్యార్థికిని 600 డాలర్లు ఇచ్చిరి. మన దేశమున 2023లో ఢిల్లీ హైకోర్టు, ఆన్‌లైన్ ఫాంటసీ ఆటలకు సంబంధించిన ఒక వ్యాజ్యమున, బహిరంగముగా అందరకును లభ్యమైన క్రీడాకారుల పేర్లను, అంకెలను వాడుకొనుట వారి ప్రసిద్ధిహక్కునకు భంగము కాదని అభిప్రాయపడి, మధ్యంతర నిషేధమును నిరాకరించినది.

ఈ రెండు సంగతులను కలిపి చూచినచో ఒక భేదము స్పష్టమగును. ఒకని పేరుతో, పోలికతో నిర్మాత ధనార్జన చేయుట ఒక విషయము. ఒక బాలుడు తన యింట తన ఆటకు అభిమానక్రీడాకారుని పేరు పెట్టుకొనుట వేరొక విషయము. మొదటిదానికి ప్రతిఫలము న్యాయము. రెండవదానిని నిషేధించుట, బిడ్డకు దేశనాయకుని పేరు పెట్టుకొనరాదనుటతో సమానము. లైసెన్సు సంపాదించిన నిర్మాత తన ఆటకు నిజమైన పేర్లు వచ్చినవను నెపముతో ఆడువాని పేరుపెట్టెను మూసివేయకుండుట మంచిది.

6. ఆక్షేపణలు

ఈ స్వాతంత్ర్యమునకు వ్యతిరేకముగా చెప్పదగిన వాదములు మూడు కలవు. వానిని తేలికగా త్రోసివేయరాదు.

మొదటిది: ఇష్టము వచ్చినట్లు బలమును పెంచుకొన్నచో ఆట చెడునని. ఇది నిజము. పదునొకండుగురును బ్రాడ్‌మన్లే యైన జట్టు గెలిచినను ఆడినట్లు కాదు. అందుకే పేరును, బలమును వేరుచేయవలెనని పైన చెప్పితిని. మొత్తము బలమునకు ఒక హద్దు నిర్ణయించి, ఆ హద్దులో ఎవనికెంత పంచవలెనో ఆడువానికి విడుచుట ఉచితము.

రెండవది: శిల్పి చెక్కిన బొమ్మకు చూపరి రంగు వేసినట్లు, నిర్మాత ఊహ చెడునని. కథాప్రధానమైన ఆటల విషయమున ఈ వాదమునకు కొంత బలము కలదు. క్రీడాసంబంధమైన ఆటలలో మాత్రము లేదు. వీనిలో నిర్మాత సొత్తు నియమము, గతి, తెరమీది చలనము. జట్టు పేరు పృచ్ఛకుడిచ్చిన పదము వంటిది. దానివలన ఛందస్సు చెడదు.

మూడవది అన్నిటికంటె గట్టిది: పేరుపెట్టెలో దూషణలు, కులద్వేషములు ప్రవేశించునని. ఈ భయము ఊహాకల్పితము కాదు. మన దేశపు క్రికెట్టు చరిత్రయే దీనికి సాక్ష్యము. బొంబాయిలో హిందువులు, ముస్లిములు, పార్సీలు, యూరోపియనులు అను మతభేదముతో కూడిన జట్లు పోటీపడెడివి. 1937నుండి ఇతరులకు ఐదవ జట్టు చేరి అది 'పెంటాంగ్యులర్' అయ్యెను. సి.కె. నాయుడుగారు 1926లో ఎం.సి.సి. జట్టుపై 153 పరుగులు చేసి దేశమును ఆకర్షించినది హిందూ జట్టు తరపుననే. క్రీడాసౌందర్యమునకు అందు కొరత లేదు. అయినను 1940లో గాంధీమహాత్ముడు అట్టి పోటీలను నిరసించెను. 1946 నాటికి అవి అంతరించెను. జట్టు పేరు కేవలము పేరు కాదు. ఎవరిని లోనికి పిలుచుచున్నామో, ఎవరిని వెలుపల నిలుపుచున్నామో తెలుపు పలక. పిల్లలు తమ జట్టునకు కులము పేరు పెట్టినచో, దానిని తుడిచివేయు యంత్రముకంటె, ఆ పేరు ఎవరిని వెలివేయుచున్నదని అడుగు పెద్దలు అవసరము. ఇతరులకు పంచునప్పుడు దూషణలను వడకట్టు బాధ్యత నిర్మాతది. ఇంటిలో మంచి పేరు పెట్టుట నేర్పు బాధ్యత మనది. భయముచే పెట్టెను పూర్తిగా మూసివేయుట మాత్రము పరిష్కారము కాదు.

7. లిపి సమస్య

ఇంతవరకు చెప్పిన స్వాతంత్ర్యము తెలుగు లిపికి చోటు లేనిచో అసంపూర్ణము. ఇచ్చటి చిక్కు సాంకేతికమైనది. సామాన్యపాఠకులకు తెలియునట్లు చెప్పుటకు యత్నించెదను.

కంప్యూటరు తెలుగును యూనికోడ్ సంకేతములుగా దాచుకొనును. మనము 'స్త్రీ' అను మాటను ఒక్క అక్షరముగా భావింతుము. యంత్రమునకు అది సకారము, విరామము, తకారము, విరామము, రేఫ, దీర్ఘ ఈకార గుడి అను ఆరు సంకేతములు. 'మల్లాపురము' మన లెక్కకు ఐదక్షరములు. యంత్రమునకు పది సంకేతములు. మరియొక భేదము కలదు. సామాన్యముగ వాడు పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు సంకేతమునకు మూడు బైట్లు కావలెను. పేరుపెట్టెకు 12 బైట్ల హద్దు విధించిన నిర్మాత, ఆంగ్లలిపిలో వ్రాసిన మా ఊరిపేరును పూర్తిగా ఇముడ్చుకొనును. తెలుగున వ్రాసిన పేరును 'మల్ల' అను చోట తెగగొట్టును. అతనికి మనయందు ద్వేషము లేదు. కొలబద్ద మాత్రము మనది కాదు.

హద్దు పెంచినను మరియొక కష్టము మిగులును. అక్షరములను ఒకదాని ప్రక్క నొకటి పేర్చుట మాత్రమే తెలిసిన ఆటపనిముట్లు ఒత్తులను కూర్చలేవు. 'పద్మ' యందలి మకారము క్రింద చేరక ప్రక్కన నిలుచును. దకారముపై పొల్లు మిగులును. తమిళ లిపియందు ఒత్తులు దాదాపు లేకుండుటచే ఈ బాధ తక్కువ. కాని హల్లునకు ముందు నిలువవలసిన ఎకార, ఏకార, ఐకార చిహ్నములు వెనుకకు పోయి అదియును వికృతమగును. కాబట్టి ఇది తెలుగువారి ఒక్కరి ఫిర్యాదు కాదు. ఇరుగుపొరుగు భాషలవారందరును కలసి అడుగదగిన న్యాయము.

పరిష్కారము దుర్లభము కాదు. సంయుక్తాక్షరములను సరిగా కూర్చు 'హార్ఫ్‌బజ్' అను ఉచితమైన పనిముట్టు ఎప్పటినుండియో కలదు. స్వతంత్ర నిర్మాతలు విరివిగా వాడు 'గోడో' అను ఉచిత ఆటయంత్రము 2023లో వెలువడిన తన నాలుగవ భాగమున ఇట్టి కూర్పును స్వీకరించినది. ఇక మిగిలినది సంకల్పమే. పేరుపెట్టె హద్దును బైట్లతో కాక మన అక్షరములతో లెక్కించుట, ఒక తెలుగు ఖతిని చేర్చుట, 'స్త్రీ', 'పద్మ', 'కృష్ణ' వంటి నాలుగు మాటలను వ్రాసి సరిచూచుట: ఇవి చిన్న నిర్మాతకు సైతము అలవియైన పనులు.

8. ఉపసంహారము

పై పరిశీలనమువలన తేలిన విషయములివి. జట్టును కూర్చుకొను స్వాతంత్ర్యము ఆటకు పైపూత కాదు. ఉద్దులు కట్టిన నాటినుండి అది ఆటలో భాగమే. స్వతంత్ర నిర్మాతలకు అది తొలుత లైసెన్సుల లోటువలన అవసరమై, ఉత్తమ నిర్మాతల చేతులలో గుణముగా పరిణమించినది. పేరునకు స్వేచ్ఛ, బలమునకు హద్దు, పంపకమునకు వడపోత, లిపికి చోటు: ఈ నాలుగును గల ఆటను ఉత్తమమనియు, లోటును కప్పుకొనుటకు మాత్రమే స్వేచ్ఛ నిచ్చు ఆటను మధ్యమమనియు, పేరుపెట్టెయే లేని ఆటను అధమమనియు నిర్ణయింపవచ్చును.

తమిళనాట తమిళమును తప్పనిసరిగా నేర్పు చట్టము 2006లో వచ్చినది. ఉన్న నేల భాషను నేర్చుట మన పిల్లలకు మేలే. అందు మనకు విరోధము లేదు. కాని తెలుగున వ్రాయుటకు బడిలో దొరకు గడియలు తగ్గుచున్నప్పుడు, బడి వెలుపల దొరకు ప్రతి చిన్న చోటును మనము లెక్కింపవలసియున్నది. పది అక్షరముల పేరుపెట్టె అట్టి చోటులలో ఒకటి. తెలుగు సంఘములవారు నిర్మాతలకు వ్రాయునపుడు వ్యాఖ్యానమున తెలుగు చేర్చుమని అడుగుటతో తృప్తి పడక, పేరుపెట్టెలో తెలుగు చెల్లునట్లు చేయుమని కూడ కోరుదురు గాక. ఉపాధ్యాయులు పిల్లలచే జట్లను కాగితముపై తెలుగున కూర్పింతురు గాక. కాగితముమీద తన ఊరి పేరును ఒత్తులతో సహా తప్పు లేకుండ వ్రాయనేర్చిన బాలుడు, తెరమీద ఆ పేరు తెగిపోయినపుడు తప్పు ఎవరిదో తెలిసికొనగలడు, సరిచేయుమని అడుగనుగలడు.